బదులు పాట

పాకం తీగ సాగడం మొదలెట్టగానే సున్‌మోయ్ పొయ్యిలోని కట్టెను వెనక్కి లాగింది. అల్లం ముక్కలు, అతిమధురం వేళ్ళు, ఎండు నారింజ తొక్కలు కుండ అడుగుకు దిగాయి. పలచటి గుడ్డను బిందె మూతికి కట్టి, గరిటెతో కొద్దికొద్దిగా వడగట్టింది. చల్లారాక పుదీనా నూనె చుక్కలు వేసి కలిపింది. ఇక సీసాల్లోకి పోయడమే మిగిలింది. గరాటు పట్టుకున్న చెయ్యి వణకకూడదు. ఒక్క చుక్క బయటికి కారినా సీసాకి చీమలు పడతాయి.

మూడో సీసా సగం నిండుతుండగా దగ్గొచ్చింది. గరాటు పక్కన పెట్టి, మొహం గోడవైపు తిప్పుకుని, రొంటినున్న గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు తగ్గాక గుడ్డ వైపు చూడకుండానే లోపలికి మడిచి మళ్ళీ రొంటిన దోపుకుంది.

గుమ్మంలో కూర్చుని రెండు తీగల ఫిడేలు విల్లుకి రోజనం ముక్క రుద్దుతున్న అఖియు చూడనట్టే అదంతా చూశాడు. సున్‌మోయ్ మొగుడు థియెన్‌లోయ్‌కి అతను పినతండ్రి కొడుకు. ముగ్గురూ కలిసి చాలా ఏళ్ళుగా మియావ్లీ కొండల్లో ఊరూరా తిరుగుతూ పాట కట్టి మందు అమ్ముతున్నారు. పాట సున్‌మోయ్‌ది, ఫిడేలూ నవ్వులాటా అఖియువి, సరుకు థియెన్‌లోయ్‌ది.

"వదినా, దగ్గుమందు వండే చేతికే దగ్గొస్తే జనం ఏమనుకుంటారు?"

"పుదీనా ఘాటుకి వచ్చిందనుకుంటారు."

"నేనూ అదే అనుకోనా?"

ఆమె మూడో సీసా నింపి, నాలుగోది తీసుకుంది.

చాన్ వంశం వాళ్ళ పూర్వీకుల చావడి పక్కన ఉన్న గదిని ఈ ఊరివాళ్ళు వాళ్ళకి ఇచ్చారు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా కొండ, కొండ మీద నిమ్మగడ్డి, మధ్యలో ఆ గడ్డి నుంచి నూనె తీసే బట్టీల పొగ. గాలి ఇటు తిరిగితే ఊరంతా నిమ్మగడ్డి వాసన. ముందురోజు సాయంత్రం మొదటి ఆట బాగానే సాగింది. ఇంకో రెండు సాయంత్రాలు ఇక్కడ, తర్వాత వేరే ఊరు.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. వీపున గుడ్డలో కట్టుకున్న బిడ్డ, చేతిలో ఖాళీ నీళ్ళ బిందె. గుమ్మం బయటే నిలబడింది.

"అక్కా, నిన్న మీరు పాడింది ఈ మందు గురించేనా?"

"ఇదే."

"చిన్నపిల్లలకి పట్టించొచ్చా?"

సున్‌మోయ్ చేతులు తుడుచుకుని లేచి వచ్చింది. బిడ్డ మూడేళ్ళదై ఉంటుంది. తల్లి భుజం మీద చెంప ఆనించి కళ్ళు సగం మూసింది. ఏడవటం లేదు. ముక్కుపుటాలు ఎగసిపడుతున్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. సున్‌మోయ్ వేళ్ళ వెనుకవైపు నుదుటికి తాకించి, వెంటనే తీసేసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొన్నటిదాకా మామూలు జలుబే అక్కా. తర్వాత ఒళ్ళు కాలడం మొదలైంది. గంజి కూడా మింగట్లేదు."

"పట్నంలో డాక్టరున్నాడు కదమ్మా."

"మా అత్త ఒప్పుకోదు. ఆవిడ చిన్న కొడుకు అక్కడే పోయాడంట, సూదులేసి చంపేశారంటుంది. మా ఆయన బట్టీ దగ్గర, కొండ మీదుంటాడు. నిన్న మీ పాట విన్నాక అత్తే అంది, రెండు సీసాలు పట్టిస్తే తగ్గిపోద్దని." ఆ అమ్మాయి కొంచెం సిగ్గుపడి నవ్వింది. "మీరు పాడితే నమ్మబుద్ధేస్తుంది."

సున్‌మోయ్ నోరు తెరిచేలోపే వెనక నుంచి థియెన్‌లోయ్ అందుకున్నాడు. బండి చక్రానికి నూనె రాసి వస్తున్నాడు, చేతులు నల్లగా ఉన్నాయి.

"పిల్లలకి ఒక చెంచా, పెద్దలకి రెండు. పొద్దునోసారి, రాత్రోసారి. సాయంత్రం ఆటకి రామ్మా, అక్కడ తీసుకుందువుగాని. నీ పేరేంటి?"

"లాన్‌యిన్."

"వెళ్ళిరా లాన్‌యిన్. మీ అత్తని కూడా తీసుకురా, పాట వింటుంది."

లాన్‌యిన్ తల ఊపి నీళ్ళకి వెళ్ళిపోయింది. బిడ్డ కాళ్ళు ఆమె నడుం పక్కన వేలాడుతున్నాయి. ఒక కాలికి చెప్పుంది, ఇంకోదానికి లేదు.

"ఆ పిల్లకి కావలసింది మందు కాదు," అంది సున్‌మోయ్.

"మరేం కావాలి?"

"చూశావుగా, ఊపిరి ఎలా తీస్తోందో."

థియెన్‌లోయ్ గడ్డితో చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు. కోపిష్టి మనిషి కాదు. మాట నెమ్మదిగా మాట్లాడతాడు. "మన మందు ఇన్నేళ్ళలో ఒక్కర్నీ చంపలేదు."

"ఒక్కర్నీ బతికించనూ లేదు."

"బతికిస్తానని నేనెప్పుడన్నాను? గొంతు తడుపుతుందన్నాను. తడుపుతుంది. నేనూ తాగుతున్నా, నువ్వూ తాగుతున్నావు."

"నేను తాగుతూనే ఉన్నాను," అంది ఆమె.

అతను ఆమె వైపు చూశాడు. చాలాసేపు చూసి, లేచి, నిండిన సీసాలను పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. మధ్య మధ్య గడ్డి కుక్కాడు, పగలకుండా.

సాయంత్రం పొలం దేవుడి గుడి పక్కన కళ్ళంలో పెట్రోమాక్స్ లైటు వెలిగించారు. జనం ముందే బల్లలు తెచ్చుకుని కూర్చున్నారు. తేయాకు కోసి వచ్చిన ఆడవాళ్ళు తలగుడ్డలు విప్పకుండానే వచ్చేశారు. బట్టీల దగ్గరి మగవాళ్ళు ఒంటి మీద నిమ్మగడ్డి వాసనతో వెనక నిలబడ్డారు.

కొండపాటకి ఒకటే నియమం. ఒకరు విసిరితే ఇంకొకరు అందుకోవాలి. ఈ గట్టున పిలిస్తే ఆ గట్టున పలకాలి. పలకకపోతే ఓడినట్టే, ఆ పరువుతక్కువ ఏడాదంతా వెంటాడుతుంది. ఈ కొండల్లోని హక్కా జనం ఊళ్ళలో చంటిపిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు. జనంలోంచి ఎవరో ఒకరు సరసంగా ఒక పాట విసురుతారు, సున్‌మోయ్ అక్కడికక్కడే మాట కూర్చి తిప్పికొడుతుంది, కళ్ళం గొల్లుమంటుంది, ఆ ఊపులో థియెన్‌లోయ్ పెట్టె తెరుస్తాడు. రోజూ జరిగేదదే.

అఖియు ఫిడేలు సవరించాడు. సున్‌మోయ్ ఎత్తుకుంది.

కొండ మీద తేయాకు కోసేటి చెల్లెలా
ఎండకు వానకు గొంతెండిపోనేల
ఒక్క గుక్క తాగిచూడు ఈ తేనె మందు
కోకిలే వచ్చి వాలు నీ ఇంటి ముందు

గొంతు పై స్థాయికి పోయినప్పుడు రొమ్ములో ఎక్కడో చీరుకుపోయినట్టయింది. ఆ చోటు వినపడకుండా ఎలా దాటించాలో ఆమెకి తెలుసు. చివరి అక్షరాన్ని ముక్కులోకి తెచ్చి సాగదీస్తుంది. జనానికి అదే ఇష్టం.

ముందు వరసలో లాన్‌యిన్ కూర్చుని ఉంది. పక్కన అత్త, తల నున్నగా దువ్వి ముడేసుకున్న ముసలావిడ. బిడ్డ ఇప్పుడు ఒళ్ళో ఉంది. లైటు వెలుగులో దాని పెదాల నీలం బాగా కనిపిస్తోంది. థియెన్‌లోయ్ అప్పటికే రెండు సీసాలు చేత్తో పట్టుకుని వాళ్ళ వైపు నడుస్తున్నాడు. ముసలావిడ డబ్బుల గుడ్డ ముడి విప్పుతోంది.

అఖియు విల్లు తర్వాతి చరణానికి సిద్ధంగా పైకి లేచింది. సున్‌మోయ్ అతని వైపు చూడలేదు. అదే వరసలో, అదే గొంతుతో, ఆ అమ్మాయి మొహంలోకి సూటిగా చూస్తూ పాడింది.

సీసాలో ఉన్నదంతా చెరుకు పాకమే తల్లీ
నాలిక్కి తీపి గానీ రొమ్ముకు చలవేదీ తల్లీ
ఏడాదిగా తాగుతున్నా, ఏడాదిగా దగ్గుతున్నా
బిడ్డను వీపున కట్టుకో, పట్నం దారి పట్టు తల్లీ

ఫిడేలు ఆగింది. థియెన్‌లోయ్ చెయ్యి సీసాలతో సహా గాలిలోనే ఉండిపోయింది. కళ్ళంలో ఎవరూ కదల్లేదు. ఆ క్షణంలో సున్‌మోయ్‌కి గుండె తేలికైంది. అయిపోయింది, చెప్పేశాను అనుకుంది.

వెనక నుంచి ఒక ముసలమ్మ కిసుక్కున నవ్వింది. "ఏడాదిగా తాగుతున్నా, ఏడాదిగా దగ్గుతున్నా," అని పక్కామెతో మళ్ళీ అంది. పక్కామె నవ్వింది. నవ్వు వరస నుంచి వరసకి పాకింది. అఖియు ఒక్కసారి అన్న మొహం చూశాడు, వదిన మొహం చూశాడు. ఫిడేలు చంకన పెట్టుకుని, నడుం వంచి, ముసలి అత్తగారి గొంతు పెట్టి అందుకున్నాడు.

కొత్త జోళ్ళు కొనలేదని మొగుడి మందును తిడతాది
రేపు కొని తొడిగాడంటే అమృతమనే పాడతాది
ఆలుమగల తగువుల్లో అడ్డం పోకండయ్యా
సీసాలో ఉన్న మందు మాత్రం ఎవరి పక్షం కాదయ్యా

కళ్ళం విరగబడి నవ్వింది. వెనకున్న మగవాళ్ళు బల్లలు చరిచారు. "జోళ్ళు కొనవయ్యా, ఆ మాత్రం జోళ్ళు కొనలేవా?" అని ఒకడు అరిచాడు. థియెన్‌లోయ్ క్షణంలో తేరుకుని, చెంపలేసుకుని, "కొంటానమ్మా, మీరు మందు కొంటే నేను జోళ్ళు కొంటా," అన్నాడు. జనం పెట్టె చుట్టూ మూగారు.

లాన్‌యిన్ కూడా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఎన్నాళ్ళ తర్వాతో నవ్విన మనిషిలా ఉంది. అత్త అందించిన రెండు సీసాలూ గుడ్డలో చుట్టుకుని, బిడ్డను భుజానికెత్తుకుని, వెళ్తూ వెళ్తూ సున్‌మోయ్‌కి చెయ్యి ఊపింది.

పెట్టె అడుగున గడ్డి మాత్రమే మిగిలింది.

"ఇంత అమ్మకం ఈ మధ్య ఎక్కడా చూళ్ళేదు," అన్నాడు థియెన్‌లోయ్ గదికొచ్చాక. చిలగడదుంప గంజిలో ఊరేసిన ఆవాకు కలుపుకుంటున్నాడు. "మొదట నా గుండె ఆగిపోయింది. నిజంగానే అంటున్నావేమో అనుకున్నా. ఇకనుంచి ఇది రోజూ పెడదాం. నువ్వు మందుని తిట్టు, వాడు నిన్ను తిడతాడు. జనానికి మొగుడూ పెళ్ళాల తగువు కంటే రుచైనది ఇంకేముంది?"

సున్‌మోయ్ గిన్నె నేల మీద పెట్టింది. "నిజంగానే అన్నాను."

"తెలుసు," అన్నాడు అతను. ఆవాకు నములుతూ, "అయినా పెడదాం," అన్నాడు.

అఖియు తన గిన్నె తీసుకుని వాకిట్లోకి వెళ్ళాడు. ఆమె నీళ్ళకని బయటికొచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గంజి అలాగే ఉంది.

"నోటికి వచ్చేసింది వదినా. నువ్వు పాడితే బదులివ్వకుండా ఎప్పుడైనా ఉన్నానా?"

"తప్పేముంది. బాగా కట్టావు."

"అలా అనకు," అన్నాడు అఖియు.

మర్నాడు పొద్దెక్కాక మొగుడు కొత్త సీసాల కోసం పక్క ఊరి అంగడికి వెళ్ళాడు. సున్‌మోయ్ లాన్‌యిన్ ఇల్లెక్కడో అడుగుతూ కొండెక్కింది. దారిలో బట్టీ దగ్గర మగవాళ్ళు ఉడికిన గడ్డిని పారలతో బయటికి తోడుతున్నారు. ఆవిరిలోంచి ఒకడు ఆమెను గుర్తుపట్టి "ఏడాదిగా తాగుతున్నా" అని రాగం తీశాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఆమె తల దించుకుని నడిచింది. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తోంది.

ఇంటిముందు ముసలావిడ పందులకి చిలగడదుంప తీగలు తరుగుతోంది. కత్తిపీట ఆపకుండానే పలకరించింది.

"వచ్చావా అలకల తల్లీ. జోళ్ళు కొన్నాడా?"

"అత్తా, నేను నిన్న పాడింది తమాషాకి కాదు. ఆ సీసాలో నిజంగానే చెరుకు పాకం. నేనే వండుతాను. మనవరాల్ని డాక్టరు దగ్గరికి పంపు."

ముసలావిడ నవ్వు ఆపుకోలేక కత్తిపీట పక్కకి జరిపింది. "లాన్‌యిన్, ఇలా రావే. ఈవిడ ఇంటికొచ్చి కూడా ఆడుతోంది."

లాన్‌యిన్ లోపలి నుంచి వచ్చింది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఉబ్బాయి, అయినా మొహంలో నిన్నటి నవ్వు ఇంకా కొంచెం మిగిలి ఉంది. "నయమే అక్కా. మందు పట్టాక దగ్గు లేదు. నిద్రపోతోంది."

"చూడనీ."

గదిలో చాప మీద బిడ్డ పడుకుని ఉంది. అది నిద్ర కాదు. దగ్గే ఓపిక కూడా లేదు దానికి. గోళ్ళు నీలంగా ఉన్నాయి, పొట్ట ఎగిరెగిరి పడుతోంది. తల దగ్గర సీసా, దాని పక్కన చెంచా. చెంచాకి చీమలు పట్టాయి.

"లాన్‌యిన్, నా మాట విను..."

అంతలో దగ్గు అందుకుంది. ఎత్తు ఎక్కి వచ్చిన రొమ్ము, నిన్న పై స్థాయిలో చీరుకున్న చోటు. ఆమె బిడ్డకి దూరంగా జరిగి, గుమ్మం పట్టుకుని, వాకిట్లోకి తడబడింది. రొంటి గుడ్డ కోసం చెయ్యి వెళ్ళింది కానీ తీసే వ్యవధి లేకపోయింది. దగ్గు ఆగలేదు. వంగిపోయి, మోకాళ్ళ మీదకి వచ్చింది. అరుగు రాయి మీద, తరిగిన ఆకుపచ్చ తీగల మీద నెత్తురు పడింది. చేతి నిండా నెత్తురు.

కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

ఊపిరి అందాక సున్‌మోయ్ చెయ్యి దాచుకోబోయింది. ఏడాదిగా అలవాటు. మధ్యలో ఆగి, ఆ అరచేతిని వాళ్ళిద్దరికీ కనపడేలా చాపింది. గొంతు లేదు. గుసగుసలా మాత్రం వచ్చింది.

"రోజూ తాగుతాను. ఆ సీసాలోదే."

ముసలావిడ లేచి ఇంటి గుమ్మానికి అడ్డం నిలబడింది. "నువ్వు పో. పో ఇక్కణ్ణుంచి. మా ఇంటికి తెచ్చావా ఈ రోగం? పో అవతలికి." పొయ్యి దగ్గరి నుంచి బూడిద చేట తెచ్చి, దూరం నుంచే, ఆ నెత్తురు మీద చల్లింది. కొంత బూడిద సున్‌మోయ్ మోకాళ్ళ మీద పడింది.

లాన్‌యిన్ గుమ్మంలోంచి అలాగే చూస్తోంది. ఆ మొహంలో నవ్వు జాడే లేదు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళింది. వచ్చేసరికి బిడ్డ వీపున కట్టి ఉంది. గోడకున్న వెదురు టోపీ తీసుకుంది.

"ఎక్కడికే?"

"పట్నానికి."

"మీ ఆయన రానీ. నా కొడుకుని అడగకుండా గడప దాటితే..."

"అడిగే టైం లేదత్తా."

సున్‌మోయ్ పక్క నుంచి వెళ్తూ లాన్‌యిన్ గోడకి ఆనుకుని, చాలా ఎడంగా నడిచింది. ఒక చెయ్యి వెనక్కి పెట్టి బిడ్డ మొహం కప్పుకుంది. దారి మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రం కళ్ళానికి ఎవరూ రాలేదు. థియెన్‌లోయ్ లైటుకి గాలి కొట్టి, బల్ల మీద సీసాలు పేర్చి, ఎదురుచూశాడు. దూరంగా గుడి గోడ దగ్గర నలుగురు నిలబడ్డారు గానీ దగ్గరికి రాలేదు. ముందురోజు నవ్విన ముసలమ్మ ఒకతె వచ్చి, కొన్న సీసాని కళ్ళం అంచున నేల మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయింది. తర్వాత ఇంకొకరు. అంచున సీసాలు వరసగా చేరాయి.

"ఏం చేశావు?" అని అడిగాడు థియెన్‌లోయ్.

"దగ్గాను."

అతను అరవలేదు. లైటు కింద పెట్టి, పెట్టె మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య వేలాడేశాడు. లైటు చుట్టూ పురుగులు మూగుతున్నాయి. "ఎంత కాలం నుంచి నెత్తురు?" అన్నాడు.

"నీకు తెలీదా?"

అతను తల ఎత్తలేదు. తెలుసు. గుడ్డలు ఉతికి ఆరేసేది ఒకే గదిలో కదా.

తెల్లారాక బండి కట్టారు. సీసాలు, ఫిడేలు, లైటు, చాపలు ఎక్కాయి. సున్‌మోయ్ మూట మాత్రం అరుగు మీదే ఉండిపోయింది. థియెన్‌లోయ్ బండి తాళ్ళు బిగిస్తూ, ఆమె వైపు చూడకుండా మాట్లాడాడు.

"కబురు మనకంటే ముందు పోతుంది. పక్క ఊళ్ళో కూడా ఎవరూ నిలబడరు. కొన్నాళ్ళు మీ అక్క దగ్గరుండు. ఒళ్ళు బాగుపడ్డాక కబురు చెయ్యి."

"అలాగే."

"పాడేదెవరు అన్నా?" అన్నాడు అఖియు.

"దారిలో ఎవరో ఒకరు దొరుకుతారు."

అఖియు బండి కర్ర పట్టుకోకుండా నిలబడ్డాడు. థియెన్‌లోయ్ పెట్టె తెరిచి, అలవాటు కొద్దీ రెండు సీసాలు తీసి ఆమె మూటలో పెట్టాడు. పెట్టాక ఏం చేశాడో అర్థమైనట్టు ఆగాడు. తీసుకోవాలో వదిలెయ్యాలో తేల్చుకోలేక మూటనే చూస్తూ ఉండిపోయాడు. ఆమే వాటిని తీసి అరుగు మీద పెట్టింది.

"దిగుడులో బండి జాగ్రత్త. ఎడమ చక్రం వదులుగా ఉంది," అంది.

వాళ్ళు వెళ్ళేదాకా చూడకుండా పట్నం దారి పట్టింది. అక్క ఊరు అటు కాదు.

పట్నంలో ప్రభుత్వ వైద్యశాల వరండాలో పొడుగు బల్లలు వేసి ఉన్నాయి. పేరు చెప్పి వచ్చి గోడ పక్కన చోటు చూసుకుని కూర్చున్నాక, అవతలి చివర లాన్‌యిన్ కనపడింది. బిడ్డను ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుంది. చిన్న చేతికి పట్టీ ఉంది, మొహం పాలిపోయి ఉంది, కానీ పొట్ట అంతగా ఎగరడం లేదు. వరండా తుడుస్తున్న ముసలామెను సున్‌మోయ్ మెల్లగా అడిగింది.

"ఆ పాపా? రెండు పక్కలా నెమ్ము. ఇంకో పూట ఆగుంటే దక్కేది కాదన్నాడు డాక్టరు. తల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది, కాళ్ళు చూడు, చీరుకుపోయాయి."

లాన్‌యిన్ తల ఎత్తింది. చూపులు కలిశాయి. సున్‌మోయ్ లేవబోయింది. లాన్‌యిన్ వెంటనే బిడ్డను దగ్గరికి హత్తుకుని, అటువైపు జరిగి, వీపు తిప్పేసి కూర్చుంది.

సున్‌మోయ్ మళ్ళీ గోడకి ఆనుకుంది. ఆ జరగడం మంచిదే అనుకుంది. ఎవరైనా తన బిడ్డని అలాగే జరుపుకోవాలి. రొంటి గుడ్డ తీసి నోటికి అడ్డం పెట్టుకుని, తనూ ఇంకొంచెం ఎడంగా జరిగింది.

కాలికి కట్టుతో కూర్చున్న ఒక తాత చాలాసేపటి నుంచి ఆమెనే చూస్తున్నాడు. చివరికి మొహం విప్పారింది.

"నువ్వు మందుల బండి సున్‌మోయ్‌వి కదూ? పోయినేడు మా ఊరొచ్చావు. నన్ను ఓడించావు, గుర్తుందా? ఒక పాట అందుకో, ఈ బల్లల మీద కాలం పోవట్లేదు."

ఆమె తల అడ్డంగా ఊపింది. తాత ఊరుకోలేదు. కర్ర నేలకి ఆనించి, మెడ సాచి, కొండ మీద పాడినట్టే ఎత్తుకున్నాడు.

పాటల పిట్టా పాటల పిట్టా ఎందుకు నోరు మూసేవు
ఆసుపత్రి బల్ల మీద ఎవరి కోసం చూసేవు
అవతలి గట్టున నేనొక్కణ్ణే ఎంతసేపని అరిచేను
ఏరెండిందో పిట్టెగిరిందో ఎవరిని పోయి అడిగేను

వరండాలో వాళ్ళంతా ఇటు తిరిగారు. బదులు కోసం కాచుకున్నారు. సున్‌మోయ్ పెదాలు కదిలాయి. మాటలు ఉన్నాయి, ప్రాస కూడా కుదిరింది. ఊపిరి పీల్చింది, రొమ్ములో కత్తి దిగినట్టై వదిలేసింది. జీవితంలో మొదటిసారి ఒక పాట ఆమె ముందు బదులు లేకుండా పడి ఉంది. తాత నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఆమె తల దించుకుంది.

అప్పుడు అవతలి చివర నుంచి ఒక గొంతు వినపడింది. పలచటి గొంతు, నలుగురిలో ఎప్పుడూ పాడని కోడలి గొంతు. శ్రుతి ఒకచోట తప్పింది, మళ్ళీ దొరికింది. లాన్‌యిన్ ఇటు తిరగలేదు. ఒళ్ళో బిడ్డ మొహం చూస్తూ పాడింది.

ఏరు ఎండలేదు తాతా, పిట్ట ఎగిరిపోలేదు
ఊరందరికీ పాడిన గొంతు ఒక్క పూటా ఆగలేదు
అలసిన పిట్టను అదిలించకు, ఆకు చాటున ఉండనీ
నా బిడ్డకు కన్నంటింది, ఇద్దర్నీ నిదరోనీ